సీటు కంటే ముందు లెక్క: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో కాలేజీ చదువుకు డబ్బు సిద్ధం చేసుకునే పద్ధతి

“నువ్వు చదువుకో బాబూ, డబ్బు సంగతి మేం చూసుకుంటాం.”

మా వైపు దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ ఈ మాట వల్ల పిల్లాడికి తన చదువు ఖరీదెంతో నాలుగేళ్లూ తెలియదు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్న నాన్న పంపే డబ్బులో ఎంత వడ్డీకి పోతోందో, అమ్మ మెడలో గొలుసు ఎప్పటి నుంచి కనబడటం లేదో పట్టించుకోడు. ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే బైక్ ఈఎంఐ పెట్టుకుంటాడు. అప్పుల చిట్టా ఆ తర్వాత బయటపడుతుంది. అప్పుడు ఇంట్లో అందరికీ టెన్షనే.

మార్చాల్సింది ముందు ఈ అలవాటునే. చదివేవాడు లెక్కలో కూర్చోవాలి. ఎనిమిదో తరగతి నుంచే కూర్చోబెడితే మంచిది. ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలుపెట్టినా మించిపోయింది లేదు. కింద చెప్పే మెట్లన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. మీ పిల్లలు ఏ తరగతిలో ఉంటే అక్కడి నుంచి అందుకోండి, మొదటి రెండు మెట్లు మాత్రం ఎవరూ దాటేయొద్దు.

మెట్టు 1: మొత్తం ఖర్చు ఒకే కాగితం మీద, పిల్లల చేతి రాతతో

ఒక సాయంత్రం అందరూ కూర్చోండి. నాన్న ఊళ్లో లేకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. పెన్ను పిల్లల చేతికివ్వండి. ఇలాంటి చోట సంభాషణ ఎలా మొదలవుతుందో మీకు తెలిసిందే.

“ఏటమ్మా, సీటు ఫ్రీయే కదా! ర్యాంకు మీద వచ్చిన కన్వీనర్ కోటా. గవర్నమెంటే కడతది.”

“ఫీజు కడతది సరే. హాస్టలు ఎవులు కడతారు నాన్నా?”

అసలు లెక్క ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. ఇంజినీరింగ్ ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను అనుకున్నవే, మీ కాలేజీవి మీరు వేసుకోండి. ట్యూషన్ ఫీజు ఏడాదికి 50 వేలు. హాస్టల్, మెస్ కలిపి 75 వేలు. పరీక్ష ఫీజులు 5 వేలు, పుస్తకాలు, రికార్డులు 5 వేలు. రాకపోకలు, ఫోన్ రీచార్జి, చేతిఖర్చు 15 వేలు. ఏడాదికి లక్షన్నర అయింది. నాలుగేళ్లకు 6 లక్షలు. మధ్యలో ఒకసారి లాప్‌టాప్ 45 వేలు. మొత్తం 6 లక్షల 45 వేలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తిగా వచ్చిందనుకుని ట్యూషన్ ఫీజు 2 లక్షలు తీసేయండి. ఇంకా 4 లక్షల 45 వేలు మిగిలింది. “ఫ్రీ సీటు” అనే మాటకు అసలు ఖరీదు ఇది.

ఇప్పుడు అదే అమ్మాయి రాజాం నుంచో చీపురుపల్లి నుంచో రోజూ ఇంటి దగ్గర్నుంచే కాలేజీకి వెళ్లి వస్తుందనుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ ఖర్చు లేదు. హాస్టల్ పోయింది, బస్సు ఖర్చు పోయింది. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, చేతిఖర్చు కలిపి ఏడాదికి 20 వేలు వేసుకున్నా నాలుగేళ్లకు 80 వేలు, లాప్‌టాప్‌తో లక్షా పాతిక వేలు. తేడా మూడు లక్షల పైమాటే. మగపిల్లలైతే ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకోవాలి. అది కూడా హాస్టల్‌తో పోలిస్తే చిన్న మొత్తమే.

రోజుకు మూడు గంటల ప్రయాణమైతే చదువు దెబ్బతింటుంది, నిజమే. హాస్టల్ వద్దని నేను అనడం లేదు. ఎంత పెట్టి కొంటున్నామో తెలిసి కొనమంటున్నాను.

మెట్టు 2: ఆ కాగితం వెనక నెలల లెక్క

కాగితం తిప్పి పన్నెండు నెలలూ రాయండి. ప్రతి నెల పక్కన రెండు అంకెలు: ఆ నెలలో ఇంటికి వచ్చేది, ఆ నెలలో కట్టాల్సింది.

మా జిల్లాల్లో చదువు అప్పుకు అసలు మూలం ఇక్కడ కనబడుతుంది. అడ్మిషన్లు, మొదటి ఫీజులు, హాస్టల్ డిపాజిట్లు వచ్చి పడేది జూన్ నుంచి సెప్టెంబర్ లోపు. సరిగ్గా అప్పుడే వరి నాట్లు. దుక్కి, నాట్ల కూలి, ఎరువులు అన్నీ ఆ రోజుల్లోనే. ధాన్యం డబ్బు చేతికొచ్చేది డిసెంబర్, జనవరిలో. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలున్న వాళ్లకి పంట డబ్బు వేసవిలో వస్తుంది కాబట్టి కొంత నయం. కానీ ఆ డబ్బు కాలేజీ ఫీజు వేళకు ఇంట్లో నిలిచి ఉండదు, పెళ్లిళ్లకో పాత బాకీలకో పోతుంది. పైగా 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు ఆ తోటలే నేలకొరిగాయి. పంట మీదే ఫీజు వాయిదా పెట్టుకోవడం ఎంత ప్రమాదమో అక్కడి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అంటే చాలా ఇళ్లలో డబ్బు లేక కాదు, డబ్బున్న నెలా ఫీజు నెలా వేరు కావడం వల్లే అప్పు పుడుతోంది. ఆగస్టులో 40 వేలు తెచ్చి, జనవరిలో ధాన్యం అమ్మి తీర్చేద్దామనుకుంటారు. జనవరిలో సంక్రాంతి వస్తుంది. అప్పు అలాగే ఉండిపోతుంది.

దీనికి మందు చిన్నదే. పోస్టాఫీసులో అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరిచేటప్పుడు గడువు జూన్‌లో తీరేలా తెరవండి. నెలకు 100 రూపాయల నుంచి కట్టొచ్చు. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీకి నెలకు వెయ్యి కడితే అయిదేళ్లకు సుమారు 71 వేలు వస్తాయి. ఎనిమిదో తరగతి మొదట్లో తెరిస్తే ఇంటర్ పూర్తయ్యేసరికి చేతికొస్తుంది. ధాన్యం డబ్బు వచ్చిన నెలలోనే ఆరు నెలల వాయిదాలు ముందుగా కట్టేస్తే మరీ మంచిది. చీటీ వేస్తే తెలిసిన వాళ్ల దగ్గర చిన్నది వేయండి, పాట జూలైలో పాడుకునేలా చూసుకోండి. ఊళ్లో చీటీ ఎత్తేసి పోయిన వాళ్ల కథలు మీకూ తెలుసు కాబట్టి, చదువు డబ్బంతా అందులో పెట్టొద్దు.

మెట్టు 3: ఎనిమిది నుంచి పదో తరగతి దాకా

ఈ వయసులో డబ్బు కంటే పరీక్ష ముఖ్యం. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్లకు 48 వేలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. బడిలో మాస్టారిని అడగండి. మంచి మాస్టార్లున్న చోట స్కూలు అయ్యాక ఆగి మరీ దీనికి తయారు చేస్తారు.

తల్లికి వందనం కింద 2025 జూన్‌లో పిల్లకు 13 వేల చొప్పున తల్లి ఖాతాలో పడింది. అంతకుముందు అమ్మ ఒడి. ప్రభుత్వం మారితే పథకం పేరూ, మొత్తమూ మారతాయి, కాబట్టి వస్తుందని ముందే ఖర్చు రాసుకోవద్దు. వచ్చినప్పుడు మాత్రం సగమైనా పిల్లల పేరున పక్కన పెట్టండి. ఇంతవరకూ చూసిందేమిటంటే, ఈ డబ్బు పడిన వారంలోనే కొత్త ఫోన్లు వస్తున్నాయి.

చిన్న ఆడపిల్ల ఉంటే పదేళ్లు నిండేలోపే సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి. పదేళ్లు దాటితే తెరవరు. ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర. వడ్డీ ఇప్పుడు 8.2 శాతం. అమ్మాయి పదో తరగతి పాసయ్యాక గానీ, 18 ఏళ్లు నిండాక గానీ చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. పెళ్లి కోసమని కడుతుంటారు చాలామంది. ఆ సగం చదువుదేనని ముందే అనుకోండి.

మెట్టు 4: ఇంటర్ రెండేళ్లు

నా ఉద్దేశంలో డబ్బంతా కరిగిపోయేది ఇక్కడే. ఇంజినీరింగ్ కోసం దాచిన డబ్బు ఇంటర్ మొదటి ఏడాది కార్పొరేట్ హాస్టల్ ఫీజుకే అయిపోతుంది. విశాఖలోనో విజయవాడలోనో చేర్పిస్తారు, ర్యాంకు వస్తే రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని. ర్యాంకు మామూలుగానే వస్తుంది. అప్పటికి చేతిలో ఏమీ ఉండదు.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన వాళ్లకు ఈ ఖర్చు పూర్తిగా తప్పే దారి ఒకటుంది. ఎచ్చెర్లలో ఉన్న ట్రిపుల్ ఐటీ, అంటే ఆర్‌జీయూకేటీ శ్రీకాకుళం, 2016లో మొదలైంది. ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ల కోర్సు. ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే. ప్రభుత్వ బడి పిల్లలకు మార్కుల్లో అదనపు వెయిటేజీ ఉంటుంది. పదో తరగతి ఫలితాలు రాగానే నోటిఫికేషన్ చూడండి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరడం రెండో దారి. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. చేతిలో డిప్లొమా ఉంటుంది కాబట్టి మధ్యలో ఆపాల్సి వచ్చినా ఉద్యోగం చూసుకోవచ్చు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. అక్కడ చదివించి, మిగిలిన డబ్బు డిగ్రీకి ఆపుకోవడం చాలా ఇళ్లకు నప్పే పని. “నలుగురూ ఏమనుకుంటారు” అన్నదే అడ్డం.

మెట్టు 5: కాగితాలు, రీయింబర్స్‌మెంట్

ఇంటర్ రెండో సంవత్సరం సెలవుల్లోనే ఇవన్నీ సిద్ధం చేసుకోండి: కులధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఓసీల్లో ఆర్థికంగా వెనకబడిన వాళ్లైతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు. కౌన్సెలింగ్ మొదలయ్యాక సచివాలయానికి వెళ్తే ముందు యాభై మంది ఉంటారు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్పుడే దిద్దించండి. ఆధార్‌లో “అప్పలనాయుడు”, పదో తరగతి మెమోలో “అప్పల నాయుడు” అని ఉంటే ఆ ఖాళీ కూడా ఎక్కడో ఒకచోట అడ్డం పడుతుంది.

రీయింబర్స్‌మెంట్‌కు ప్రధాన అర్హతలు: కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, మాగాణి 10 ఎకరాలు లేదా మెట్ట 25 ఎకరాల లోపు, ట్యాక్సీ, ట్రాక్టర్, ఆటో కాకుండా సొంత కారు ఉండకూడదు, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. చేరాక 75 శాతం హాజరు ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్లకు, దూరవిద్యకు రాదు.

తెలియక చాలామంది ఇరుక్కునే చోటొకటి ఉంది. పెద్దబ్బాయికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుంది, పన్ను రిటర్న్ వేస్తాడు. లేదా సెకండ్ హ్యాండ్ కారు కొంటాడు. సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ ఇంటి వాళ్లో రాసుకునే జాబితాలో, అతనింకా ఈ ఇంట్లోనే ఉంటాడు. దాంతో తమ్ముడికో చెల్లికో అర్హత పోతుంది. పెద్దబ్బాయికి పెళ్లై నిజంగా వేరు కాపురం ఉంటే, కౌన్సెలింగ్ నెలల ముందే మ్యాపింగ్‌లో వేరు చేయించుకోండి. తమ్ముడి అప్లికేషన్ తిరిగొచ్చాక పరుగెత్తడం దండగ.

డబ్బు వచ్చే దారి కూడా తెలుసుకోండి. మొన్నటిదాకా విద్యాదీవెన పేరుతో తల్లి ఖాతాలో పడేది, కాలేజీకి మనం కట్టేవాళ్లం. 2024 తర్వాత మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకే వేసే పద్ధతి వచ్చింది. ఎవరి హయాంలోనైనా ఆలస్యం మాత్రం పోలేదు. కాబట్టి మీ లెక్కలో దీన్ని “వస్తుంది, ఎప్పుడో తెలియదు” అనే గడిలో రాయండి. మెస్ ఖర్చులకిచ్చే ఎంటీఎఫ్ అయితే ముందు లెక్కలో వేయనే వేయకండి, వచ్చిననాడు లాభం.

“ప్రభుత్వం నుంచి రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం” అని కాలేజీ అంటే ఏం చేయాలి? కట్టేటట్టయితే రసీదు మీద “రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి చెల్లించదగినది” అని రాయించుకోండి. నోటిమాట మీద కట్టొద్దు. హాల్‌టికెట్ ఆపుతామని బెదిరిస్తే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. పదిమంది పిల్లలు కలిసి ఒకే అర్జీ ఇస్తే పని తొందరగా కదులుతుంది.

ఇది కాక వేరే స్కాలర్‌షిప్‌లున్నాయి. బీటెక్, డిప్లొమా చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి కింద ఏడాదికి 50 వేలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఇంటర్‌లో తమ గ్రూపులో బోర్డు మొత్తమ్మీద పై 20 శాతంలో ఉన్న వాళ్లకు కేంద్ర స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12 వేలు. రెండూ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. రెండోది రీయింబర్స్‌మెంట్ తీసుకునే వాళ్లకు ఇవ్వరు. ఏది తీసుకుంటే ఏది పోతుందో నిబంధనల్లో చదివాకే సబ్మిట్ కొట్టండి. ఒక చిన్న జాగ్రత్త: స్కాలర్‌షిప్ డబ్బు పడేది మీరు రాసిన ఖాతా నెంబర్‌కు కాదు, బ్యాంకుల చెల్లింపులు చూసే ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌కు ముడిపడి ఉన్న బ్యాంకు ఖాతాకు. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలోకి డబ్బు పోతే దాని పాస్‌బుక్ కోసం ఇల్లంతా వెతుక్కోవాలి.

మెట్టు 6: ఆప్షన్లు పెట్టే రోజు

మొదటి మెట్టులో రాసిన కాగితం ఇప్పుడు ఎదురుగా పెట్టుకోండి. ప్రతి కాలేజీ పేరు పక్కన ట్యూషన్ ఫీజు మాత్రమే కాదు, ఇంటి నుంచి దూరం, హాస్టల్ ఖర్చు కూడా రాయండి. జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం లాంటి ప్రభుత్వ క్యాంపస్ కాలేజీని, దూరంలో ఉన్న పేరున్న ప్రైవేటు కాలేజీని పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు నిర్ణయం దానంతటదే తేలుతుంది. ఇంజినీరింగే కానక్కర్లేదు. నైరా వ్యవసాయ కాలేజీ, విజయనగరంలో 1879 నుంచి ఉన్న మహారాజా కాలేజీ, ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఇవి మన గుమ్మంలో ఉన్నవే. ఏజెంటు ఫోన్ చేసి “మీ అబ్బాయికి డిస్కౌంట్ ఇప్పిస్తాను” అంటే ఫోన్ పెట్టేయండి.

చేరాక మనసు మారితే డబ్బు పోయినట్టేనా? కాదు. 2018 యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందు మానేస్తే మొత్తం ఫీజు తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద మాత్రం 5 శాతం, 5 వేలకు మించకుండా పట్టుకోవచ్చు. 15 రోజుల కంటే తక్కువుంటే 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల లోపు 80 శాతం, 30 రోజుల లోపు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదు, చూసి వెంటనే తిరిగిచ్చేయాలి. ఈ ఒక్క సంగతి తెలియక టీసీ కోసం బతిమాలుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నారు.

మెట్టు 7: అప్పు తప్పకపోతే

ఊళ్లో వడ్డీ మాట ముందు చూద్దాం. “నూటికి రెండు రూపాయలే” అంటారు. అది నెలకు. ఏడాదికి 24 శాతం. లక్ష తెస్తే మూడేళ్లకు వడ్డీ 72 వేలు. మూడేళ్లు దాటితే ప్రోనోటు చెల్లదు కాబట్టి ఆ లోపే తిరగరాస్తారు. తిరగరాసేటప్పుడు వడ్డీ అసలులో కలిసిపోతుంది, కొత్త నోటు లక్షా 72 వేలకు. ఇంకో మూడేళ్లు పోతే దాని మీద లక్షా 23 వేల 840 వడ్డీ. అంటే పిల్లాడు బీటెక్ పూర్తి చేసి ఉద్యోగంలో కుదురుకునేసరికి లక్ష రూపాయల అప్పు 2 లక్షల 95 వేల 840 అయి కూర్చుంటుంది. ఇంతా చేసి వడ్డీకి ఇచ్చినాయన మంచివాడే, అవసరానికి ఆదుకున్నాడు. లెక్కలోనే ఉంది చిక్కు.

బ్యాంకు విద్యారుణం దగ్గరకు మనవాళ్లు పోరు. తిప్పుతారని భయం. తిప్పుతారు, అయినా పోవాలి. 4 లక్షల వరకు ఆస్తి హామీ అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఏడున్నర లక్షల వరకు కూడా క్రెడిట్ గ్యారంటీ పథకం కింద తండ్రో తల్లో సహరుణగ్రహీతగా ఉంటే చాలు. 4 లక్షల లోపు మన వాటాగా మార్జిన్ డబ్బు పెట్టక్కర్లేదు. హాస్టల్, పుస్తకాలు, లాప్‌టాప్ ఖర్చు కూడా లోన్‌లో వస్తుంది. చదువు అయ్యాక ఏడాది దాకా ఈఎంఐ మొదలవదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా గడువు ఇస్తారు.

ఒక లెక్క వేద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునే కాలంలో బారువడ్డీయే. మొదటి లక్ష మీద అయిదేళ్లకు 50 వేలు, రెండో దాని మీద 40, మూడో దాని మీద 30, నాలుగో దాని మీద 20 వేలు. మొత్తం లక్షా 40 వేలు. ఈఎంఐ మొదలయ్యేనాటికి బాకీ 5 లక్షల 40 వేలు. ఏడేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 8,965, మొత్తం కట్టేది ఏడున్నర లక్షలు. పదేళ్లయితే నెలకు 7,140, మొత్తం 8 లక్షల 56 వేలు. పదిహేనేళ్లయితే నెలకు 5,800, కానీ మొత్తం దాదాపు 10 లక్షల 45 వేలు. నెలవారీ అంకె చిన్నగా కనబడిందని పదిహేనేళ్లకు పెట్టుకుంటే అయిదేళ్లు అదనంగా కట్టడమే కాదు, దాదాపు రెండు లక్షలు ఎక్కువ పోతాయి.

మొదటి ఏడాది ఈ లోన్ మీద నెల వడ్డీ సుమారు 830 రూపాయలు. దాన్ని ఎప్పటికప్పుడు కట్టేస్తే అసలు పెరగదు, చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం దాకా తగ్గింపు కూడా ఇస్తాయి. ఈ 830 పిల్లల చేతే, వాళ్ల ఫోన్ నుంచే కట్టించండి. వాళ్లను లెక్కలో కూర్చోబెట్టడమంటే ఇదే.

ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకు కేంద్రం ఆ చదువుకాలపు వడ్డీ మొత్తం భరించే పథకం ఉంది, కాలేజీకి నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. అది వస్తే పై లక్షా 40 వేలు పోతుంది, పదేళ్ల ఈఎంఐ 5,290 దగ్గర ఆగుతుంది. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి మరొకటి. కేంద్రం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంచిన సంస్థల్లో (మొదట్లో 860) చేరిన వాళ్లకు హామీ లేకుండా లోన్. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల లోన్ వరకు చదువుకాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోవాలి. ఈ రాయితీలు వాటంతట అవి రావు, ఆదాయ ధ్రువీకరణ పెట్టి బ్యాంకులో అడిగితేనే కదులుతాయి.

దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి, చేతి కాగితం ఇచ్చి రావద్దు. అప్లికేషన్ నెంబర్ ఉంటే మేనేజర్ “చూద్దాం లెండి” అని తప్పించుకోలేడు. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఉచితంగా రాయొచ్చు. నాన్న పాత అప్పుల చరిత్ర చూపే సిబిల్ స్కోరు ముందే చూసుకోండి. ఎప్పుడో పక్కింటాయన ట్రాక్టర్ లోన్‌కు హామీ సంతకం పెట్టి మర్చిపోయినది ఇప్పుడు లేచి కూర్చోవచ్చు.

బ్యాంకు లోన్ వచ్చేలోపు అత్యవసరమైతే వరస ఇది: ముందు డ్వాక్రా సంఘం లేదా ఆ సంఘాల మహిళలకు లోన్లిచ్చే స్త్రీనిధి, తర్వాత బ్యాంకులో బంగారం మీద లోన్. ప్రైవేటు ఫైనాన్స్ ఆ తర్వాత. ప్రోనోటు అన్నిటికంటే చివర.

మెట్టు 8: చదువుకునే నాలుగేళ్లు

నెల మొదట్లో ఒక మొత్తం ఇవ్వండి, మధ్యలో అడిగితే ఇవ్వకండి. ఖర్చు వాళ్లే రాసుకోవాలి. లోన్ యాప్‌లు, బెట్టింగ్ యాప్‌ల గురించి మొహమాటం లేకుండా మాట్లాడండి. అయిదు వేలు తీసుకుని నెల తిరిగేసరికి పాతిక వేలు కట్టమని కాంటాక్టులన్నిటికీ ఫోన్లు చేసేవి అవే. ఆ తప్పు జరిగితే ఇంట్లో చెప్పే ధైర్యం పిల్లలకు ఉండాలి. డబ్బు మాట ఇంట్లో మొదటి నుంచీ నడిచి ఉంటేనే ఆ ధైర్యం వస్తుంది.

పని కోసం వలస వెళ్లిన నాన్న ఉన్న ఇంటికి రెండు బీమాలు తప్పనిసరి అంటాను. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమాకు ప్రమాదంలో 2 లక్షలు. 436 రూపాయల జీవన్ జ్యోతికి ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 50 ఏళ్ల లోపు చేరాలి. రెండూ బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 456 ఉండేలా చూడటం పిల్లల పని.

మెట్టు 9: జీతం మొదలయ్యాక

ఆఫర్ లెటర్ వచ్చిన వారంలోనే మొదటి మెట్టు కాగితం మళ్లీ తీయండి. ఎవరికెంత బాకీ ఉందో వడ్డీ రేటు వరసలో రాయండి. ముందు తీరాల్సింది రెండు రూపాయల ప్రోనోటు, తర్వాత బంగారం, చివర్న బ్యాంకు లోన్. చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు, బ్యాంకు అంటే భయం కనుక. బ్యాంకు ఈఎంఐ తప్పకుండా కడుతూ ఉండండి, పైన మిగిలిన ప్రతి రూపాయీ ప్రోనోటుకు వెళ్లాలి. అది తీరాక విద్యారుణానికి అదనంగా కట్టొచ్చు, ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌ను ముందే తీర్చినందుకు జరిమానా ఉండదు. ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే ఎనిమిదేళ్ల పాటు విద్యారుణం వడ్డీ మొత్తానికి మినహాయింపు ఉంది.

లోన్ తీరిన రోజు బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా క్లోజ్ అయినట్టు పడిందో లేదో చూడండి. పడకపోతే వెంటనే బ్యాంకుకు రాసి సరిచేయించండి, ఎందుకంటే చెల్లెలి లోన్‌కు నాన్న మళ్లీ సంతకం పెట్టాల్సి ఉంటుంది.